మా ఇంట్లో నాలుగోట్లు

(తాడేపల్లిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్థానిక ఎన్నికల్లో ఓటు ఎలా వెయ్యాలో చెప్పమని నన్ను పిలిచారు. పొద్దున రాగానే సీతానగరం అక్క ఒకామె పట్టుకుని అడిగింది: "వెయ్యడం సంగతి తర్వాత చెబుదువుగాని, అసలు మాకు ఎన్నికలేవమ్మా?" నేను రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఆమె అడిగింది న్యాయమే. తాడేపల్లి మునిసిపాలిటీకి 2014లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గం గడువు 2019లో ముగిసింది. 2021 మార్చిలో రాష్ట్రంలో మునిసిపల్ ఎన్నికలు జరిగినప్పుడు ఇక్కడ జరగలేదు. అదే నెలలో మంగళగిరిని, తాడేపల్లిని కలిపి నగరపాలక సంస్థ చేశారు. ఉండవల్లి, పెనుమాక లాంటి ఊళ్ళూ అందులో కలిసిపోయాయి. ఆ ఊళ్ళ ఆడవాళ్ళు సర్పంచ్ కోసం ఆఖరిసారి ఓటు వేసింది 2013లో. అప్పుడు బడికి వెళ్ళే ఆడపిల్లలు ఇప్పుడు బిడ్డల తల్లులు. వాళ్ళలో సర్పంచ్ ఎన్నిక బ్యాలెట్ చేత్తో పట్టుకున్నవాళ్ళు లేరు. ఐదేళ్ళకోసారి స్థానిక సంస్థలకు ఎన్నికలు జరగాలని 73, 74 రాజ్యాంగ సవరణలు 1993 నుంచి అమల్లో ఉన్నాయి. కొళాయి రాకపోతే ఎవరి గుమ్మం ముందు బిందె పెట్టాలో తెలియని స్థితి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఎన్నికలు జరిగిన చోట్ల మాత్రం ఓటు అందరి చేతికీ వచ్చిందా? ఇదే జిల్లాలో ఉన్న మాచర్ల మునిసిపాలిటీలో (ఇప్పుడది పల్నాడు జిల్లా) 2021లో 31 వార్డులూ పోటీ లేకుండానే ముగిశాయి. ఓటర్లందరూ ఇళ్ళలోనే ఉండిపోయారు. పంచాయతీల్లోనైతే ఏకగ్రీవానికి ప్రభుత్వమే బహుమానం ఇస్తుంది. 2021లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రకటించారు. ఊరు కలిసి ఉండడం మంచిదే. కానీ ఆ "ఊరు" రావిచెట్టు కింద కూర్చున్నప్పుడు అందులో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారు? స్త్రీల రిజర్వేషన్ 2011లో సగానికి పెరిగింది, 2013 ఎన్నికల్లో అమలైంది. సీటు మనది, ఏకగ్రీవం చేసేది వాళ్ళు.

ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధన కూడా 1994 చట్టం నుంచి ఉండేది. 2024 నవంబరులో మన శాసనసభ దాన్ని తీసేసింది. మూడో కాన్పు వద్దని చెప్పే హక్కు ఇంట్లో లేని స్త్రీని, మూడో బిడ్డ ఉందని బయట అనర్హురాలిని చేశాం, ముప్ఫయ్యేళ్ళ పాటు.

ఇక ఓటు సంగతి. ఓటు పోలింగ్ రోజున మొదలు కాదు, జాబితాలో మొదలవుతుంది. స్థానిక ఎన్నికలకు అసెంబ్లీ ఓటర్ల జాబితానే వార్డుల వారీగా విడగొడతారు. అందులో పేరు లేకపోతే ఇందులోనూ ఉండదు. కొత్త పేరుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8. ఇది ముఖ్యంగా ఆడవాళ్ళ సమస్య. పెళ్ళయి అత్తారింటికి వచ్చిన పిల్ల పేరు పుట్టింటి ఊళ్ళో ఉంటుంది, లేదా తీసేసి ఉంటుంది, ఇక్కడ ఎక్కి ఉండదు. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలు 2019 నాటి జాబితాతో జరిగాయి, కొత్తగా పద్దెనిమిది నిండినవాళ్ళు చూస్తూ ఉండిపోయారు. ఫిబ్రవరి అంటే మిరప కోతల కాలం కూడా. కర్నూలు వైపు నుంచి మన చేలకు వచ్చిన కూలి ఆడవాళ్ళ ఓటు వాళ్ళ ఊళ్ళో ఉంటుంది, చెయ్యి ఇక్కడ మిరపచెట్టు మీద ఉంటుంది. కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని వెళ్ళాలి. లేదా ఎవరో పంపిన బండి ఎక్కాలి. బండి ఎక్కించినవాడు ఊరికే ఎక్కించడు కదా!

దుగ్గిరాల వైపు నుంచి వచ్చిన అక్కలు జాగ్రత్తగా వినండి, మీవి పంచాయతీలు. అక్కడ రెండు కాగితాలిస్తారు: సర్పంచ్‌కు గులాబి రంగుది, వార్డు సభ్యులకు తెల్లది. పార్టీ గుర్తులుండవు. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు కూడా ఉండదు, గుర్తే ఉంటుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పోటీ చేసిన స్త్రీని "ఫలానా ఆయన భార్య" అనే ప్రచారం చేస్తారు, పోస్టరులో ఆయన బొమ్మే పెద్దది. ఆమె పేరేమిటో, గుర్తేమిటో రెండూ ముందే తెలుసుకుని వెళ్ళండి. తాడేపల్లి లాంటి కార్పొరేషన్‌లో మీరు ఎన్నుకునేది వార్డు కార్పొరేటర్‌ని మాత్రమే; మేయర్‌ని వాళ్ళు ఎన్నుకుంటారు.

ముద్ర ఒక్క గుర్తు మీదే పడాలి. రెండింటి మీద పడినా, వేలిముద్ర వేసినా, సంతకం పెట్టినా ఓటు చెల్లదు. సిరా ఆరనిచ్చి కాగితాన్ని ముందు నిలువుగా మడవండి, అప్పుడు తడి పక్క గుర్తుకు అంటదు. మీరు వెళ్ళేసరికి మీ ఓటు ఎవరో వేసేసి ఉంటే ఏడుస్తూ తిరిగి రావద్దు. ప్రిసైడింగ్ అధికారిని టెండర్డ్ ఓటు అడగండి. దాన్ని లెక్కలో కలపరు, విడిగా భద్రపరుస్తారు, కానీ మీరు వచ్చారనడానికి, మోసం జరిగిందనడానికి అది సాక్ష్యం.

ఇదంతా చెప్పడం తేలిక. కష్టమైనది ఇంట్లో ఉంది. నేను మొదటిసారి ఓటు వేసిన ఏడు, మా నాన్నగారు వీధరుగు మీద కూర్చుని ఎవరితోనో "మా ఇంట్లో నాలుగోట్లున్నాయి, మీవే అనుకోండి" అన్నారు. నేనప్పుడు పీజీ చదువుతున్నాను, స్త్రీ విముక్తి గురించి వ్యాసాలు రాస్తున్నాను. వెళ్ళి ఆయన చెప్పిన గుర్తుకే వేసి వచ్చాను. భయం వల్ల కాదు, వేరే చెయ్యవచ్చన్న ఆలోచనే రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత మా అమ్మను అడిగితే, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా, "నేను వెయ్యలేదే" అంది. ఎవరికి వేసిందో నాకూ చెప్పలేదు.

ఆ తెరచాటులో మొగుడు ఉండడు, మామ ఉండడు, డబ్బు పంచినవాడూ ఉండడు. చూపు లేనివారికి, ఒంట్లో శక్తి లేనివారికి తప్ప వెంట సహాయకుడు రాకూడదు. చదువు రాదన్నది కారణం కాదు, గుర్తులున్నవి అందుకే. ఫొటో తీసి చూపించమని ఎవరైనా అంటే, లోపలికి సెల్‌ఫోన్ రానివ్వరని చెప్పండి. డబ్బు ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే. పసుపు కుంకుమల మీద ఒట్టు వేయించుకున్నారని బాధపడే అక్కలకు నేను చెప్పేదొకటే: కాగితం మీద మీ పేరుండదు, పెట్టెలో పడ్డాక అది ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు గులాబి, తెలుపు కాగితాలు పంచుతాను. వాటి మీద నేనే గీసిన గుర్తులున్నాయి. బొమ్మలు బాగా లేకపోతే క్షమించండి. ఆ మూల దుప్పటి కట్టాం, రబ్బరు ముద్ర, సిరా పెట్టె అక్కడున్నాయి. ఒక్కొక్కరే వెళ్ళండి. సీతానగరం అక్కా, ముందు నువ్వు రా.