అమ్మరాని పొలము

ఇండోనేషియాలోని పశ్చిమ సుమత్రాలో మినాంగ్‌కబావు అనే రైతుజనం ఉన్నారు. వారు ముస్లిములు. వారి వంశపు వరిపొలం తల్లి నుండి కుమార్తెలకే సంక్రమిస్తుంది. నాబోతు తన తోటను పిత్రార్జితము అన్నాడు; అక్కడైతే తల్లి స్వాస్థ్యము అనాలి కాబోలు!

దానిని అమ్మకూడదు. తాకట్టు పెట్టాలన్నా ఆచారం ఒప్పేవి నాలుగే అవసరాలు: ఇంట్లో శవం ఉండి ఖర్చుకు లేనప్పుడు, ఎదిగిన పిల్లకు పెండ్లి చేయలేనప్పుడు, వంశపు పెద్ద ఇల్లు కురుస్తున్నప్పుడు, వంశపెద్దను నిలబెట్టవలసినప్పుడు. గమనించారా ప్రియులారా, కొడుకు వ్యాపారం ఆ లెక్కలో లేదు! అందుకే ఎందరో యువకులు పొట్ట చేతపట్టుకొని ఊరు విడిచి పోతారు.

మరి వారు కష్టపడి సంపాదించినది ఎవరికి చెందాలి? 1952లో బుకిట్టింగిలో మతపండితులు, వంశపెద్దలు కూడి, స్వార్జితాన్ని ఇస్లాం ధర్మం ప్రకారం పిల్లలకు పంచవచ్చునన్నారు. పూర్వీకుల పొలాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది నేటికీ అక్కచెల్లెళ్లదే.