"ఇంకొక్క ముద్ద" ఎవరి కోసం?

మొన్న అక్క వాళ్లింటికి వెళ్లా. మూడేళ్ల మేనల్లుడు ఫోన్ చూస్తున్నాడు, అక్క తినిపిస్తోంది. వాడు తల తిప్పేసినా "ఇంకొక్క ముద్ద నాన్నా" అంటోంది. నన్నూ ఇలాగే పెంచారు. ఇప్పటికీ కడుపు నిండినా ప్లేట్ ఖాళీ అయ్యేదాకా లేవలేను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్లు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం.

అమెరికన్ డైటీషియన్ ఎలిన్ శాటర్ చెప్పిన రూల్ సింపుల్. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పేరెంట్స్ చూసుకోవాలి. ఎంత తినాలో పిల్లలకి వదిలేయాలి. బరువు పెరగట్లేదని డౌట్ ఉంటే డాక్టర్‌కి చూపించండి, బలవంతంగా కుక్కకండి.

"అక్కా, ఒక్కసారి ఫోన్ తీసి చూడు" అన్నా. ఏడ్చాడు. తర్వాత నాలుగు ముద్దలు తానే తిని "చాలు" అన్నాడు. అక్క చేయి మళ్లీ ముద్ద కలపబోయి ఆగింది.