ఇంటివద్ద కొయ్యపని, ఇనుపపని
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వడ్రంగమో, కమ్మరమో నేర్చిన యువకుడొకడు ఇంటివద్ద పనిశాల పెట్టుకొనదలచి మీ యొద్దకు వచ్చినాడనుకొనుడు. అతడు కోరునవి సాధారణముగా రెండే: దరఖాస్తుపై సంతకము, విద్యుత్తు కనెక్షనుకు సిఫారసు. ఆ రెండును ఇచ్చి పంపివేయుట సులభము. కాని అతనికి వచ్చు సొమ్ము దేనిపై ఖర్చగునో, ఆ కొలిమి ఎవరి పాక ప్రక్కన రగులునో మనము విచారింపనిచో, కొలది మాసములలోనే యంత్రములు అమ్మకమునకు వచ్చును. అతడు పట్టణమునకు పోవును. కొడవలికి కక్కు పెట్టించుకొనుటకు రైతు బస్సెక్కవలసి వచ్చును.

2023 సెప్టెంబరు 17వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకములో వడ్రంగులు, కమ్మరులు మొదలుగా 18 వృత్తులవారు చేర్చబడిరి. పరికరములకు 15,000 రూపాయల వరకు సహాయమును, తొలి విడతగా 1 లక్ష, మలి విడతగా 2 లక్షల రూపాయల ఋణమును 5 శాతము వడ్డీపై ఇచ్చుటకు అందు ఏర్పాటు చేయబడినది. గ్రామములలో దరఖాస్తుల తొలి పరిశీలన పంచాయతీ స్థాయిలోనే జరుగునట్లు నిర్ణయించిరి. కనుక ఈ విషయము మనకు పట్టనిది కాదు.

మొదట స్థలమును చూడవలెను. కొయ్యపనిని, ఇనుపపనిని ఒకే కప్పు క్రింద పెట్టుకొనువారు హెచ్చు. తప్పులేదు గాని నడుమ గోడ ఉండి తీరవలెను. ఇనుమును అరగదీయునపుడు లేచు నిప్పురవ్వ రంపపు పొట్టులో పడి, గంటల తరబడి లోలోపల కాలుచుండి, అందరును నిద్రించిన వేళ మండును. మరియొక చిక్కు కలదు. ఇనుపరజను టేకు, తుమ్మ చెక్కలపై బడి తడి తగిలినచో నల్లని మరకలు పడును. తోళ్లను పదును చేయుటకు పనికివచ్చు వగరు పదార్థమే తుమ్మలో నుండి ఇనుముతో కలిసి ఆ నలుపును పుట్టించును. ఆ మరక చిత్రిక పట్టినను ఒక్కొక్కప్పుడు పోదు.

కొలిమికి తాటాకు కప్పు కూడదు. పొగగొట్టము ఇంటికప్పును దాటి పైకి పోవలెను. పనిబల్లకు ఎంత వెలుతురు ఉన్నను మంచిదే. కొలిమి చెంత మాత్రము కొంత మసక ఉండవలెను. ఎండలో కాలిన ఇనుపరంగు కంటికి ఆనదు. సమ్మెట దెబ్బల చప్పుడుకు ఇరుగుపొరుగులు ఫిర్యాదు చేయుదురు. పని వేళలను ముందుగనే ఉభయుల సమ్మతితో నిర్ణయించుట పంచాయతీ చేయదగిన పని.

ఇక పరికరములు. యంత్రములకంటె ముందు గట్టి పనిబల్ల, దానికి కదలని వైసు కావలెను. బల్ల ఊగినచో ఎంత ఖరీదైన రంపమైనను వంకరగానే కోయును. చిత్రిక పట్టు బల్ల నిలుచున్నవాని మణికట్టు ఎత్తున, వైసు దవడల పై అంచు మోచేతి ఎత్తున, దాగలి పైభాగము వ్రేలాడవేసిన పిడికిలి కణుపుల ఎత్తున ఉండుట మేలు. ఈ కొలతలు మనిషిని బట్టి మారును గనుక అంగడిలో సిద్ధముగా దొరకవు. బల్లను తన పొడవుకు తానే చేసికొనలేని వడ్రంగి ఉండునా? తరువాత రెండు రంపములు, మూడు నాలుగు ఉలులు, చిత్రిక, బాడిశ, మూలమట్టము, సానరాయి; ఇనుపపనికి సుత్తులు, పటకారులు, ఆకురాళ్లు. సానరాయిని చివరకు కొందుమని వాయిదా వేయువారి మాట వినరాదు. మొద్దు ఉలి పనిని చెరుపును, చేతిని కోయును.

కొన్ని ఉలులను కొననక్కరలేదు. పాత లారీల కమాను పట్టాలు మంచి ఉక్కు. పట్టాను కాచి సాగగొట్టి, అంచు తీర్చి, మరల కాచుచు అయస్కాంతమును తాకించి చూడవలెను. అయస్కాంతము అంటుకొనని వేడికి వచ్చిన తరువాత మరికొంచెము కాచి నూనెలో ముంచవలెను. అప్పుడది గాజువలె పెళుసుగా ఉండును. ఒక ముఖమును మెరయునట్లు రుద్ది నెమ్మదిగా కాచినచో దానిపై రంగులు పరుగెత్తును. ఎండుగడ్డి రంగు వచ్చినపుడు ఆపినచో కొయ్య ఉలికి తగిన పదును. నీలిరంగు దాకా పోనిచ్చినచో మెత్తబడి స్ప్రింగువలె సాగును. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలయందు ఉక్కు కాచి దూరదేశములకు పంపిన కమ్మరులు కంటిచూపుతోనే ఈ వేడిని కొలిచిరి. వారి పరంపర ఉన్నచోట ఈ విద్యను వృద్ధులనుండి యువకులకు ఇప్పించుట శిక్షణ తరగతులకంటె తక్కువైనది కాదు.

గ్రైండరు విషయము గట్టిగా చెప్పవలసి ఉన్నది. నాలుగంగుళముల గ్రైండరు నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగును. దాని రేకు కవచమును ఊడదీసి, చెక్క కోయు పండ్లచక్రమును బిగించి వాడుట పలుచోట్ల అలవాటైనది. చక్రము చెక్కలో చిక్కుకొన్నచో యంత్రము చేయి విడిపించుకొని మనిషి మీదికే వచ్చును. కన్నులకు అద్దములు లేనిదే దానిని ముట్టరాదు. మెడలో తువ్వాలుతో అసలే ముట్టరాదు. మూడుకాళ్ల ప్లగ్గు, సరియైన ఎర్తు, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే విద్యుత్తును ఆపు స్విచ్చు, ఈ మూడును చూచిన పిదపనే సిఫారసు వ్రాయుడు. జింకుపూత రేకులను కొలిమిలో కాల్చిన పొగ జ్వరమును తెచ్చును గనుక పూత తీయకుండ కాల్చరాదు.

చివరి మాట డబ్బును గూర్చినది. బడి బల్లలకు, అంగన్‌వాడీ తలుపులకు, శ్మశానపు గేటుకు పట్టణపు దుకాణమునుండి ధర తెప్పించునపుడు మన ఊరి పనిశాలనుండియు తెప్పించుడు. నియమములు అనుమతించినంతమేర పని ఇచ్చినచో, బిల్లును మాసముల తరబడి నిలుపకుడు. కలప కొనుటకు చేతిలో సొమ్ము లేనివానికి పచ్చికొయ్యయే దిక్కు. పచ్చికొయ్యతో చేసిన తలుపు వేసవి వచ్చుసరికి బీటలు వారును. నింద మాత్రము వడ్రంగి మీద పడును.