మదనపల్లె నాయుడుగారి అమ్మాయి: లీలా నాయుడు కథ

సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఒకసారి తలెత్తి చూడండి. ఏదో ఒక నగల షాపు హోర్డింగ్ మీద ఒకమ్మాయి నవ్వుతూ ఉంటుంది. కొన్నాళ్లకి అక్కడ ఇంకో అమ్మాయి వచ్చేస్తుంది. పాత అమ్మాయి ఏమైందో మనం పట్టించుకోం. ఇవాళ్టి ఎపిసోడ్ అలా మనం పట్టించుకోని ఒకావిడ గురించి.

పేరు లీలా నాయుడు. బాంబే హీరోయిన్ కదా అంటారు. నిజమే, కానీ ఆ నాయుడు మన నాయుడే! వాళ్ల నాన్నగారు పత్తిపాటి రామయ్య నాయుడుది మదనపల్లె. అణు భౌతిక శాస్త్రవేత్త. ప్యారిస్‌లో మేరీ క్యూరీ దగ్గర పరిశోధన చేసి, తర్వాత యునెస్కోలో పనిచేశారు. అమ్మ ఫ్రెంచ్ ఆవిడ. లీల 1940లో బాంబేలో పుట్టింది.

1954లో మిస్ ఇండియా అయింది. అప్పటికి ఆమె వయసు పద్నాలుగు. మన ఇళ్లలో తొమ్మిదో క్లాసు పిల్ల అన్నమాట. తర్వాత వోగ్ పత్రిక ప్రపంచంలోని పదిమంది అందగత్తెల జాబితాలో గాయత్రీ దేవితో పాటు ఈమె పేరూ వేసింది. ఆ ఒక్క ముక్క ఆమెను జీవితాంతం వదల్లేదు.

పదిహేడేళ్లు వచ్చేసరికి ఒబెరాయ్ హోటళ్ల కుటుంబంలో పెళ్లి. కవల ఆడపిల్లలు. ఆ పెళ్లి ఎక్కువ కాలం నిలవలేదు. పిల్లల కస్టడీ తండ్రికి వెళ్లింది.

1960లో హృషీకేశ్ ముఖర్జీ 'అనురాధ'. పేరున్న గాయని, పల్లెటూరి డాక్టరుని పెళ్లి చేసుకుని పాట వదిలేసి, ఇంట్లో ఒంటరైపోయే కథ. సంగీతం రవిశంకర్. ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, వసూళ్లు మాత్రం రాలేదు. 1963లో శశి కపూర్ పక్కన 'ది హౌస్‌హోల్డర్', మర్చంట్ ఐవరీ వాళ్ల మొదటి సినిమా. అదే ఏడాది, నానావతి కేసు గుర్తుచేసే 'యే రాస్తే హై ప్యార్ కే'. ఆ తర్వాత సినిమాలు బాగా తగ్గిపోయాయి.

1969లో కవి డామ్ మొరేస్‌తో రెండో పెళ్లి, హాంకాంగ్ కాపురం. తర్వాత అదీ విడిపోయింది. చివరి రోజులు ముంబైలో, జనానికి దూరంగా. 2009 జులై 28న చనిపోయింది.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. ఈ ఎపిసోడ్‌కి నేను మొదట రాసుకున్న టైటిల్ 'విశ్వసుందరి విషాదాంతం'. థంబ్‌నెయిల్ కూడా రెడీ చేశా, ఒక పక్క పాత ఫొటో, ఇంకో పక్క ముసలి ఫొటో, మధ్యలో ఎర్ర బాణం. వ్యూస్ వస్తాయని తెలుసు. రాత్రి మళ్లీ స్క్రిప్ట్ చదువుకుంటే సిగ్గేసింది. ముసలితనం విషాదమా? అది అందరికీ వచ్చేదేగా!

సినిమాలు తగ్గాయి అన్నాను కదా. రాజ్ కపూర్ అడిగితేనే వద్దన్న మనిషి ఆవిడ. అవకాశాలు రాకపోవడం వేరు, వచ్చినవి వద్దనడం వేరు. సొంతంగా డాక్యుమెంటరీలు తీయించింది. 1985లో శ్యామ్ బెనెగల్ పిలిస్తే 'త్రికాల్'లో ఇంటి పెద్దావిడ వేషం వేసింది, ఏ మొహమాటం లేకుండా. జెర్రీ పింటోతో కలిసి చెప్పుకున్న జ్ఞాపకాలు ఆమె పోయాక 2010లో పుస్తకంగా వచ్చాయి.

అంటే కష్టం లేదని కాదు. కన్నపిల్లలకి దూరమవడం కంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? కానీ ఆ దెబ్బ తగిలింది ఒక తల్లికి. మనం దాన్ని తీసుకెళ్లి 'అందం పోయింది, స్టార్‌డమ్ పోయింది' అనే లెక్కలో రాసేస్తున్నాం. పద్నాలుగేళ్ల పిల్ల ఫొటో ఒకటి పట్టుకుని, ఆ తర్వాతి యాభై ఐదేళ్ల బతుకుని దానితో కొలుస్తున్నాం.

అందుకే టైటిల్ మార్చేశా. వ్యూస్ తగ్గితే తగ్గనివ్వండి.

'అనురాధ' ఒకసారి చూడండి, చివరి పావుగంట మిస్ కాకండి. ఎలా ఉందో కామెంట్స్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.