ఇనుమును, పేరును

గతించినవారిని స్మరించు సభలో కత్తిని గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మలయా ద్వీపకల్పమునందును, సుమత్రా జావా ద్వీపములయందును కెరిసు అను బాకు, పగవానిని పొడుచుటకంటె పూర్వులను తలచుకొనుటకే ఎక్కువగా పనికివచ్చినదని నా యభిప్రాయము.

ఈ బాకు రెండుప్రక్కల ఒక్కతీరుగా నుండదు. పిడిమొదట ఒకవైపు వెడల్పై, అచ్చటినుండి సన్నగిల్లుచు పోవును. తిన్ననివి కలవు, పామునడకవలె వంకరలు తిరిగినవి కలవు. ఆ వంకరల సంఖ్య ఎప్పుడును బేసియే. అలుగుపై సర్పదేహమును తీర్చినయెడల దానిని వారును నాగ యనియే యందురు. మన మాట సముద్రము దాటిపోయి అక్కడి యినుముపై చుట్టుకొన్నది!

పెద్దలనుండి వచ్చిన కెరిసు పుసాక యనబడును. ఇస్లాము ధర్మశాస్త్రము ఆస్తిని వారసులకు వంతులువేసి పంచుమనును; కత్తిని ముక్కలు చేసి పంచలేరు గదా, కనుక ఇంటివారు కూడబలుకుకొని ఒక్కరిచేత నుంచుదురు. జావాలో అది చేతులు మారునపుడు వెల యనక, వరుడు వధువునకిచ్చు ధనమునకు చెల్లు మహర్ అను మాటనే వాడుదురు; మారవలసిన రొక్కము మారుచునే యున్నను, ఈ మర్యాద నాకు మిక్కిలి నచ్చినది. ఒర పగిలిన క్రొత్తది చేయింతురు, పిడియు నంతే. చేతులు ముడుచుకొని ముందునకు వంగిన మనుష్యునివంటి యొకానొక పిడికి "జావా దెమమ్", అనగా జ్వరపడిన జావావాడు, అని పరిహాసనామము.

అలుగును మాత్రము మార్చరు, కడుగుదురు. జావాలో ఇందులకు అక్కడి పంచాంగమందలి సురో అను మాసము ప్రశస్తము. కొబ్బరినీళ్లలో నానవేసి, త్రుప్పు మెత్తబడిన పిమ్మట నిమ్మచెక్కలతో తోమి, ఆరబెట్టి, పాషాణము కలిపిన నిమ్మరసమును పూయుదురు. అంతట ఇనుము నల్లబారును. నికెలు కలిసిన పొరలు నల్లబడక వెండితీగలవలె మెరయుచు, పామోర్ అను చిత్రము పైకి తేలివచ్చును. ఆపైని పరిమళతైలము, మలయాలో సాంబ్రాణిధూపము. అయితే ఆ పులుపు త్రుప్పుతో తృప్తిపడక ఇనుమునుకూడ రవ్వంత తినును. తరతరములుగా శ్రద్ధతో స్నానము చేయించిన కత్తులే అంచులు కొరికినట్లై, కాగితమువలె పలుచబడియుండును. ప్రదర్శనశాలవారు దీనిని చూచి నొచ్చుకొందురు. వారి బాధ న్యాయమైనదే.

అయినను ఒక్క యుదంతము చెప్పెదను. 1830లో డచ్చివారికి చిక్కిన జావా రాకుమారుడు దీపొనెగొరో కెరిసు, నాగ సిలుమన్ అను పేరుగలది, 1831లో వారి రాజునకు కానుకగా పోయెను. అక్కడ ఇనుము చెక్కుచెదరలేదు గాని, పేరు ఇనుమునుండి విడిపోయినది. ఉన్న కెరిసులలో ఆయనది ఏదియో తేల్చుటకు పండితులు పాతలేఖలు తిరుగవేయవలసివచ్చెను. తుదకు 2020లో అది ఇండోనేషియాకు తిరిగివచ్చినది. ఒక ఇంటనే యుండినచో ఆ అలుగు ఈపాటికి ఎంతో అరిగియుండును. దాని పేరు మాత్రము ఏటేట సురోమాసమున నిమ్మకాయలు కోయువారి నోట వినబడుచుండును.