ఆయిల్ కారింది, తమ్ముని జీతం కట్ అయింది

పోయిన ఆదివారం క్యాంపు మెస్ హాల్లో నేను చెప్పిన ముచ్చట రాసి పెట్టమని గ్రూపు పెద్దలు అడిగిన్రు. ఆ రోజు డ్యూటీలో ఉండి రాలేని వాళ్ల కోసం రాస్తున్న. నేను చదివింది పదో తరగతి. రాతలో తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

నేను దుబాయికి షట్టరింగ్ హెల్పరుగా వచ్చిన. పంతొమ్మిది ఏండ్లు అయింది. ఇప్పుడు సూపర్‌వైజర్‌ను. ఈ రోజు చెప్పేది కాంక్రీటు గురించి కాదు, గడ్డి కోసే చిన్న ట్రాక్టరు గురించి. ఎందుకంటే ఆ ట్రాక్టరు దగ్గర నేను ఒక తప్పు చేసిన. తప్పు నాది, జీతం కట్ అయింది ఇంకొకనిది.

మా కంపెనీ విల్లాలు కట్టింది. కట్టినంక తోటల పని కూడా మాకే వచ్చింది. అక్కడ ఒక గార్డెన్ ట్రాక్టరు ఉన్నది. మన ఊరి ట్రాక్టరు ముందు పెడితే పిల్ల లెక్క కనపడుతది. కూర్చొని నడిపితే కింద బ్లేడు గడ్డి కోస్తది. వెనక ట్రాలీ తగిలించి ఇసుక, ఎరువు మోస్తరు. దీనికి క్లచ్చు లేదు, గేర్లు మార్చే పని లేదు. పెడలు తొక్కితే ముందుకు పోతది, వెనక్కి పోతది. దీన్ని హైడ్రోస్టాటిక్ అంటరు. బాక్సు లోపల పంపు ఆయిల్‌ను నెడుతది, ఆ ఆయిల్ జోరుకు లోపలి మోటరు తిరుగుతది, దానితోని చక్రాలు తిరుగుతయి. అంటే ఈ బండి నడిచేదే ఆయిల్ మీద. ఆయిల్ తగ్గితే గుంజుడు తగ్గుతది, వేడెక్కినంక ఇంకా తగ్గుతది. వాలు మీద పెడలు వదిలితే ఆగవలసిన బండి ఆగకుండా జారుతది. అందుకే చుక్క చుక్కే కదా, ఖల్లివల్లి అని వదిలేయొద్దు.

ఆ బండి నడిపేది కోరుట్ల దిక్కు పిల్లగాడు. పేరు రాయను. ఒకరోజు పొద్దుగాల వెనక కుడి టైరు లోపలి దిక్కు తడి, కింద టైల్స్ మీద నల్ల మరక. విల్లా ఆయన మరకను ఫొటో తీసి ఆఫీసుకు పంపిండు. ఆఫీసు వాళ్లు నాకు ఫోన్ చేసి రిపోర్టు రాయమన్నరు. నేను వంగి బండి కిందికి కూడా చూడలేదు. ఆ పిల్లగాడు ఫుట్‌పాత్ అంచు మీదికి ఎక్కించి నడుపుతడని ఎవరో అన్న మాట పట్టుకొని "ఆపరేటర్ అజాగ్రత్త" అని రాసిన. రెండే మాటలు. ఆ నెల వాని జీతంలో 200 దిర్హాములు కట్ అయినయి.

బయటి నుంచి మెకానిక్ వచ్చి కొత్త సీలు వేసి పోయిండు. పన్నెండు రోజులకు మళ్లీ అదే టైరు, అదే తడి. ఈసారి నేనే వేస్త అన్న. టైరు ఇప్పిన. యాక్సిల్ చుట్టూ నల్లటి ముద్ద ఉన్నది. మట్టి, గ్రీజు అనుకొని గీకి పారేసిన. కొత్త సీలు ఎక్కించిన. సాయంత్రం కాకముందే మళ్లీ కారింది.

తెల్లారి ఆ పిల్లగాడు చేతిలో ఏదో పట్టుకొని వచ్చిండు. "అన్నా, నువ్వు పారేసింది మట్టి కాదు" అన్నడు. నేను గీకిన ముద్దను డీజిల్‌లో కడిగి విప్పి తెచ్చిండు. అది నైలాన్ దారం. గడ్డి అంచులు కొట్టే ట్రిమ్మర్ మిషన్‌కు పెట్టే దారం. తెగిన ముక్కలు గడ్డిలో పడి ఉంటయి. ట్రాక్టరు వాటి మీదికెళ్లి పోతే టైరుతో పాటు యాక్సిల్‌కు చుట్టుకుంటయి, బిగుసుకొని సీలు లిప్పును కోస్తయి. మొదటి సీలు అట్లనే పోయింది. మెకానిక్ వేసింది కూడా అట్లనే పోయింది. ఆ దారం ముక్కలు ఎవరు పడేసిన్రు? ట్రిమ్మర్ టీము వాళ్లు. ఆ టీము ఎవరి కింద ఉన్నది? నా కింద.

ఇగ నేను వేసిన సీలు ఎందుకు పోయిందంటే అది ఉట్టి తొందర పని. యాక్సిల్‌కు కీ కూర్చునే గాడి ఉంటది. దాని అంచులు బ్లేడు లెక్క ఉంటయి. దాని మీదికెళ్లి సీలును ఒట్టిగనే తోసిన. లిప్పు కోసుకుపోయింది.

మూడోసారి ఇద్దరం కలిసి పద్ధతిగా చేసినం. మీలో గార్డెన్ పని, వర్క్‌షాప్ పని చేసేటోళ్లు ఉన్నరు కాబట్టి వరుసగా చెప్తున్న.

1. ముందు కడిగి తుడవండి. ఆరినంక వెనక భాగం మీద కొద్దిగా టాల్కం పౌడర్ చల్లి, పది నిమిషాలు మెల్లగా నడిపి చూడండి. తడి ఎక్కడ మొదలైతదో అక్కడే లీకు. ఆయిల్ పై నుంచి జారి కింద చుక్క పడుతది. చుక్క పడ్డ జాగా చూసి మోసపోవద్దు.

2. సమంగా ఉన్న గట్టి నేల మీద పెట్టి, చాబీ తీసి, ప్లగ్గు వైరు ఊడదీయండి. వెనక టైర్లు లేపితే హ్యాండ్ బ్రేకు బండిని పట్టదు. అందుకే ముందు టైర్లకు అటు ఇటు చెక్కలు పెట్టాలె. జాకీతో లేపి స్టాండు మీద దించాలె. ఉట్టి జాకీ మీద ఉన్న బండి కింద చేయి కూడా పెట్టొద్దు.

3. టైరు మధ్యలో మూత తీస్తే లాక్ రింగు, వాషర్లు, కీ ఉంటయి. తీసే ముందు ఫోన్‌లో ఫొటో తీయండి, వరుస మరిచిపోరు. తుప్పు పట్టి టైరు రాకపోతే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఆగండి. యాక్సిల్ కొసన సుత్తెతో కొట్టొద్దు.

4. పాత సీలు తీయకముందే యాక్సిల్‌ను సన్న ఎమిరి పేపర్‌తో చుట్టూ తిప్పుతూ శుభ్రం చేయండి. సీలు తీసినంక రుద్దితే ఆ పొడి బాక్సులోకి పోతది.

5. సీలు ఎంత లోతులో ఉన్నదో కొలుచుకోండి. కొన్నింటికి సీలు ముందు ఇంకో లాక్ రింగు ఉంటది, అది ముందు తీయాలె. సీలు ముఖం మీద సన్నటి రంధ్రం వేసి, స్క్రూ బిగించి, ప్లయర్‌తో గుంజితే వస్తది. డ్రిల్ బిట్‌కు గ్రీజు రాస్తే ఇనుప పొడి దానికే అంటుకుంటది. యాక్సిల్‌కు మాత్రం గీత పడొద్దు. కింద ట్రే పెట్టండి, కొంత ఆయిల్ వస్తది.

6. సీలు కూర్చున్న చోట యాక్సిల్ మీద గోరు పెట్టి గీకి చూడండి. గోరు తట్టుకునేంత గాడి ఉంటే ఎన్ని కొత్త సీళ్లు వేసినా కారుతది. అప్పుడు యాక్సిల్‌కు సన్నటి స్లీవు ఎక్కించాలె.

7. పాత సీలు పట్టుకొనే కొత్తది కొనండి. మేము షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో బేరింగుల షాపులో తీసుకున్నం. సీలు మీద మూడు అంకెలుంటయి. 25-40-7 అని ఉంటే షాఫ్టు 25 మిల్లీమీటర్లు, బయటి కొలత 40, మందం 7. అమెరికా బండ్లకు ఇంచుల కొలత ఉండొచ్చు. దగ్గర దగ్గరగా ఉన్నది కదా అని తీసుకోవద్దు.

8. గాడి మీద, లాక్ రింగు చోట టేపు చుట్టండి. లిప్పుకు ఆయిల్ రాయండి. స్ప్రింగు కనపడే దిక్కు లోపలికి, ఆయిల్ దిక్కు ఉండాలె. సీలు బయటి కొలతకు సరిపోయే పైపు ముక్క పెట్టి, చుట్టూ సమంగా, మెల్లమెల్లగా కొట్టండి. పాత లోతుకు పోయినంక ఆపండి. లిప్పుకు సిలికాన్ పూయొద్దు.

9. బ్రీదర్ చూడండి. అది బాక్సు ఊపిరి తీసుకునే రంధ్రం. ఇక్కడి దుమ్ముకు, గడ్డి పొట్టుకు అది మూసుకపోతే వేడికి లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్ సీలును నెట్టుకొని బయటికి వస్తది. ఆయిల్ ఎక్కువ పోసినా అదే కథ.

10. ఏ ఆయిల్ పోయాలో బండి పుస్తకంలో చూడండి. కొన్నింటికి 20డబ్ల్యూ-50, కొన్నింటికి 10డబ్ల్యూ-30 ఇంజన్ ఆయిల్ పోస్తరు. ఆయిల్ పోసినంక లోపల గాలి ఉంటది. వెనక చక్రాలు లేపే ఉంచి, బైపాస్ లివర్ తెరిచి, ఇంజన్ స్లోగా పెట్టి పెడలును ముందుకు, వెనక్కి ఐదారు సార్లు తొక్కండి. తర్వాత బైపాస్ మూసి మళ్లీ ఐదారు సార్లు. లెవల్ చూసి తక్కువైనంత పోయండి.

11. అరగంట నడిపి తెల్ల టిష్యూతో తుడిచి చూడండి. తెల్లారి ఇంకోసారి చూడండి. టిష్యూ తెల్లగా ఉంటేనే పని అయిపోయినట్టు.

ఇదంతా నీడలో చేయండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని బంద్ ఉంటది. రిపేరు కూడా పనే.

ఆ సీలు మళ్లీ కారలేదు. కానీ సీలు ఒక్కటి మారిస్తే కాలేదు. ట్రిమ్మర్ టీము తెగిన దారం ముక్కలు ఏరి సంచిలో వేసుకొనే కదలాలె అని పెట్టినం. వారానికి ఒకసారి టైర్ల వెనక చేయి పెట్టి చూస్తం. అది చేయకపోతే నాలుగో సీలు కూడా పోయేదే.

ఇగ జీతం సంగతి. నేను ఆఫీసుకు పోయి ఇంకో రిపోర్టు రాసిన. దారం ఫొటో, కోసుకుపోయిన సీలు ఫొటో పెట్టి, "ఆపరేటర్ తప్పు లేదు, దారం ముక్కలు ఏరించకపోవడం నా తప్పు, నేను చూడకుండా రాసిన" అని రాసిన. రాసేటప్పుడు చేయి ఆడలేదు. అయిపోయిన నెల అయిపోయింది అన్నరు. మూడుసార్లు పోయిన. వాని ఫైలులో నేను రాసిన మాట కొట్టేసిన్రు కానీ డబ్బులు తిరిగి రాలేదు. ఆ 200 నేను ఇచ్చిన. వాడు తీసుకున్నడు. తీసుకోవాలె కూడా. అది ఇంటికి పోయే పైసలు. నెల నెలా అమ్మకు పంపేదాంట్లో తక్కువ పడితే, ఎందుకు తక్కువైందని ఆమె అడిగితే వాడు ఏం చెప్పిండో నేను అడగలేదు. అడిగే ముఖం లేకుండె.

మీకు నేను చెప్పేది రెండు మాటలు. పని చేసే తమ్ముళ్లారా, ఏదైనా చెడిపోతే ముట్టకముందు ఫొటో తీయండి. తీసిన పాత సామాను పారేయకుండా కవరులో పెట్టండి. చదవరాని కాగితం మీద సంతకం చేయకండి, మన గ్రూపులో ఎవరినన్నా అడిగి చదివించుకోండి. జీతంలో తప్పుగా కోత పడితే మోహ్రేకు ఫిర్యాదు పెట్టుకునే దారి ఉన్నది. నాతోటి సూపర్‌వైజర్లారా, ఫోర్మన్లారా, పెన్ను పట్టకముందు ఒకసారి వంగి బండి కిందికి చూడండి. నేను వంగి ఉంటే ఆ దారం మొదటి రోజే కనపడేది.

ఆ పిల్లగాడు ఇప్పుడు మా సైట్లో బ్రష్ కట్టర్లు, వాటర్ పంపులు, ట్రాక్టరు, అన్నీ తనే ఇప్పి బిగిస్తడు. సీలు కొట్టే పైపు ముక్కలు కొలతల వారీగా ఒక డబ్బాలో పెట్టుకున్నడు. ఆ నైలాన్ దారం కూడా అదే డబ్బాలో ఉన్నది. ఎవరికైనా సీలు పని నేర్చుకోవాలని ఉంటే గ్రూపులో రాయండి. వచ్చే ఆదివారం పాత బాక్సు ఒకటి మెస్ హాల్‌కు తెస్తం. వాడే చూపిస్తడు, నేను పక్కన నిలబడి పానాలు అందిస్త.

అందరూ జాగ్రత్త. ఉంటా.