ప్రణాళిక కూడా ఒక సంకల్పమే

(ఆలయ వార్షికోత్సవ సందర్భంగా జరిగిన యువజన గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ దేశంలో పుట్టి పెరిగిన తరానికి ఉపకరించే విషయం ఏదైనా చెప్పవలసిందని కార్యవర్గం వారు కోరారు. నేను కమ్యూనిటీ కళాశాలలో గణితం బోధించేవాడిని. అక్కడి ప్రణాళికా సంఘంలో కూర్చున్నవాడిని. ఒక కమ్యూనిటీ కళాశాల తన రాబోయే ఐదారేళ్లను ఏ విధంగా నిర్ణయించుకుంటుంది, ఆ నిర్ణయంతో మనకు ఏమి సంబంధం అన్నదే నేటి నా విషయం.

మన ఇళ్లలో ఈ కళాశాలల పట్ల కొంత చిన్నచూపు ఉన్నమాట దాచవలసిన పని లేదు. పిల్లవాడు పేరున్న విశ్వవిద్యాలయంలో చేరితే పదిమందికి చెప్పుకుంటాము. కమ్యూనిటీ కళాశాలలో చేరితే గొంతు తగ్గించి చెప్తాము. అయినా ఆ కళాశాల మెట్లు ఎక్కని ఇల్లు మనలో తక్కువే. హైస్కూలులో ఉండగానే క్రెడిట్లు సంపాదించుకునే పిల్లలు, పిల్లలు ఎదిగిన తరువాత అకౌంటింగో నర్సింగో చదివే తల్లులు, ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకునే తాతయ్యలు మన చుట్టూనే ఉన్నారు. న్యూజెర్సీలో ఎడిసన్ ఊరి మిడిల్‌సెక్స్ కళాశాల, టెక్సాస్‌లో ప్లేనో, ఫ్రిస్కో పరిసరాల కాలిన్ కళాశాల తెలుగు కుటుంబాలు దట్టంగా స్థిరపడిన చోట్లనే ఉన్నాయి.

ఈ కళాశాలల చరిత్ర 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో ఆరుగురు విద్యార్థులతో ఆరంభమైంది. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం 1947లో ఉన్నతవిద్య ప్రతి ఊరికీ అందుబాటులోకి రావాలని చెప్పి, కమ్యూనిటీ కళాశాల అనే పేరును దేశమంతటా వ్యాప్తిలోకి తెచ్చింది. 1960 నాటి కాలిఫోర్నియా బృహత్ప్రణాళిక రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ప్రవేశ పరిమితులు విధించి, కమ్యూనిటీ కళాశాలల తలుపును మాత్రం అందరికీ తెరిచి ఉంచింది. నేడు దేశంలో ఇటువంటి కళాశాలలు సుమారు వెయ్యి ఉన్నాయి.

తలుపు తెరిచి ఉంచడం సులభం. లోపలికి వచ్చినవారిని గమ్యం చేర్చడం కష్టం. వ్యూహాత్మక ప్రణాళిక అవసరం అక్కడే కలుగుతుంది. ఆ మాట వినగానే మెరిసే అట్ట, నవ్వే ముఖాల బొమ్మలు, నలభై లక్ష్యాల పట్టిక గల పుస్తకం మన కళ్ల ముందు నిలుస్తుంది. అసలు ప్రణాళిక ఎట్లా ఉండాలో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. మన పూజలోనే దాని స్వరూపం ఉన్నది.

పూజకు ముందు అర్చకస్వామి సంకల్పం చెప్పించడం మీరందరూ చూసినదే. అందులో మొదట దేశం చెప్తారు: ఏ ఖండంలో, ఏ ప్రాంతంలో కూర్చున్నామో. తరువాత కాలం: సంవత్సరం మొదలుకొని తిథి, వార, నక్షత్రాల వరకు. ఆపైన కర్త గోత్రనామాలు, కోరే ఫలం, చివరకు చేయబోయే కర్మ. ఈ ఐదింటిలో ఏది లోపించినా సంకల్పం పూర్తికాదు. కళాశాల ప్రణాళిక కూడా అంతే.

మొదటిది దేశం. మన అర్చకులు ఈ గడ్డకు వచ్చినప్పుడు సంకల్పంలో దేశాన్ని చెప్పే మాటలను ఇక్కడికి తగినట్లు మార్చుకున్నారు. గోదావరి తీరంలో చెప్పే మాటను ఇక్కడ యథాతథంగా చెప్పడం పొసగదని వారికి తెలుసు. ప్రణాళిక రాసేవారు ఈ సూక్ష్మాన్ని తరచు మరచిపోతారు. మరో కళాశాల పత్రంలోని వాక్యాలను తెచ్చి తమ పేరు తగిలిస్తారు. మన జిల్లాలో ఏ పరిశ్రమలు ఉన్నాయి, ఏ ఆస్పత్రికి నర్సులు కావాలి, ఏ వీధికి బస్సు రాదు అన్న పరిశీలనతోనే నిజమైన ప్రణాళిక మొదలవుతుంది.

రెండవది కాలం. ఈ కళాశాలలకు ఒక విచిత్రమైన గతి ఉన్నది. ఉద్యోగాలు పోయిన రోజుల్లో విద్యార్థులు వెల్లువగా వస్తారు. ఉద్యోగాలు దొరికే రోజుల్లో తగ్గిపోతారు. 2008 నాటి ఆర్థిక సంక్షోభం తరువాత చేరికలు ఎంతో పెరిగి, 2010 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆపైన చాలా ఏళ్లు తగ్గుతూ వచ్చాయి. ప్రభుత్వ నిధులు చాలావరకు విద్యార్థుల సంఖ్యను బట్టే వస్తాయి. వెల్లువ శాశ్వతమని నమ్మి భవనాలు కట్టిన కళాశాలలకు తరువాత వాటి నిర్వహణే భారమైంది.

ఇక ఫలం. ఇక్కడే అసలైన చర్చ జరుగుతుంది. ఎంతమంది చేరారన్నది ఫలమా? ఎంతమంది పూర్తిచేశారన్నది ఫలమా? చాలాకాలం మొదటిదే లెక్కించారు. దాని పర్యవసానం నేను బోధించే గణితంలోనే కనబడుతుంది. విద్యార్థి చేరగానే ఒక పరీక్ష పెట్టి, అందులో తప్పితే డిగ్రీకి లెక్కకురాని పునాది తరగతులకు పంపేవారు. కొందరికి ఒకటి కాదు, రెండు మూడు తరగతులు వరుసగా పడేవి. రుసుము చెల్లించాలి, కాలం వెచ్చించాలి, క్రెడిట్ మాత్రం రాదు. ఆ వరుసను ముగించినవారు సగంకంటె తక్కువేనని కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలోని పరిశోధన కేంద్రం తేల్చింది. మిగిలినవారు గణితంలో ఓడిపోయారని లోకం అనుకున్నది. వారిలో చాలామంది కళాశాల గణితపు గడప దాకా రానేలేదు.

కాలిఫోర్నియా శాసనసభ 2017లో ఒక చట్టం చేసింది. హైస్కూలు మార్కులను ఆధారంగా తీసుకోవాలి, విద్యార్థి ఏడాదిలోగా కళాశాల స్థాయి ఇంగ్లీషు, గణితం పూర్తిచేసే అవకాశాన్ని వీలైనంత పెంచాలి అన్నది దాని సారం. ఎన్నో ఏళ్లుగా నడిచిన పద్ధతిని మార్చవలసి వచ్చింది. పునాది తరగతులు తగ్గితే వాటిని బోధించే పార్ట్‌టైమ్ అధ్యాపకుల పని గంటలు తగ్గుతాయి. బలహీన విద్యార్థికి అండ ఎవరని ప్రశ్నించినవారి ఆందోళనలోనూ న్యాయం ఉన్నది. ప్రణాళికా సంఘపు బల్ల చుట్టూ ఇటువంటి కష్టసుఖాలన్నీ కూర్చుంటాయి.

న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో మరొక మార్గం చూపింది. ఏశాప్ అనే ఆ పథకంలో విద్యార్థి పూర్తికాలం చదవాలి, సలహాదారును తరచు కలవాలి. అందుకు ప్రతిగా ఆర్థిక సహాయం పోగా మిగిలిన రుసుమును మాఫీ చేస్తారు, పాఠ్యపుస్తకాల ఖర్చుకు తోడ్పడతారు, నగరంలో ప్రయాణించడానికి ప్రయాణ కార్డు ఇస్తారు. ఎం.డి.ఆర్.సి. అనే పరిశోధన సంస్థ చీట్లు తీసినట్లు విద్యార్థులను రెండు బృందాలుగా విభజించి పరిశీలించింది. మూడేళ్లలో పట్టా పొందినవారు పథకంలో 40 శాతం, పథకం లేనివారిలో 22 శాతం. ఒక్కొక్క విద్యార్థిపై ఖర్చు పెరిగింది. పట్టాలు ఎక్కువ వచ్చినందువల్ల ఒక్కొక్క పట్టాకు అయిన ఖర్చు మాత్రం తగ్గింది.

ఆ 18 శాతం తేడాలో ఉన్న విద్యార్థుల బుద్ధి ఒక్క రాత్రిలో మారలేదు. వారి పట్ల సంస్థ చేసిన ఏర్పాటు మారింది.

అందుకే కర్త, కర్మ అనే మిగిలిన రెండూ ముఖ్యం. ప్రతి లక్ష్యానికి ఎవరు బాధ్యులు, ఎంత సొమ్ము కేటాయించారు అన్నది రాయని ప్రణాళిక అక్షతలు చేతిలో పట్టుకొని పూజ చేయకుండా లేచిపోవడం వంటిది. కొత్త సలహాదారులను నియమించాలంటే కొత్త భవనం వాయిదా పడవచ్చు. దేనిని వదులుకుంటున్నామో చెప్పే ధైర్యం లేనప్పుడు లక్ష్యాలు నలభైకి పెరుగుతాయి. ప్రణాళికను, ఆర్థిక క్రమశిక్షణను నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కళాశాల అనుభవం చెప్తుంది. అటువంటి లోపాలను ఎత్తిచూపిన గుర్తింపు సంఘం 2013లో దాని గుర్తింపును రద్దుచేయ నిర్ణయించింది. గుర్తింపు పోతే ఫెడరల్ ఆర్థిక సహాయం పోతుంది. ఆ వివాదం న్యాయస్థానానికి ఎక్కింది. 2017లో గుర్తింపు తిరిగి స్థిరపడేలోగా విద్యార్థులు పెద్దసంఖ్యలో తగ్గిపోయారు.

ఇక మన సంగతి. కాలిఫోర్నియా, టెక్సాస్, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాలలో ఈ కళాశాలల ట్రస్టీలను స్థానిక ఓటర్లే ఎన్నుకుంటారు. ట్రస్టీ అనే మాటకు తెలుగులో ధర్మకర్త అంటాము. ఆ పదం బరువు ఈ ఆలయంలో పెరిగిన మీకు తెలుసు. వారి సమావేశాలు ప్రజలకు తెరిచి ఉంటాయి. ప్రణాళిక ముసాయిదాపై మాట్లాడే అవకాశం సామాన్యులకూ ఉంటుంది. వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. గత ప్రణాళికలో నెరవేరనిది ఏది? ఈ ప్రణాళిక కోసం దేనిని మానుకుంటున్నారు? మొదటి లక్ష్యానికి బడ్జెట్‌లో ఎంత కేటాయించారు?

అయితే ఒక జాగ్రత్త అవసరం. మనవారు ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడగలరు, సాయంత్రాలు తీరిక చేసుకోగలరు, పటాలతో లెక్కలతో వాదించగలరు. మన పిల్లల కోసం హైస్కూలు విద్యార్థుల తరగతులు పెంచమని అడిగితే కళాశాల వింటుంది కూడా. అదే వేళ గిడ్డంగిలో రాత్రిపని చేసే తల్లి ఆ సభకు రాలేదు. ఆమెకు కావలసిన శనివారపు తరగతి రద్దయినా అడిగేవారు ఉండరు. గొంతు ఉన్నవారి కోరికల జాబితాగా ప్రణాళిక మారిపోవడం ఇట్లాగే జరుగుతుంది.

మన ఆచారంలో ఒక మంచి పద్ధతి ఉన్నది. గోత్రం తెలియదన్నవారిని పూజ నుంచి లేపరు. కాశ్యప గోత్రం చెప్పించి కూర్చోబెడతారు. కమ్యూనిటీ కళాశాల ఈ దేశంలో చేస్తున్న పని కూడా ఇదే. ఏ కులీనమైన బడి నుంచి వచ్చావని అడగకుండా కూర్చోబెడుతుంది. మీలో ఎవరైనా రేపు అటువంటి సంస్థలో ధర్మకర్తగానో, అధ్యాపకులుగానో, కేవలం పౌరులుగానో ప్రణాళిక ముందు కూర్చుంటే, ఆ గదిలో లేని విద్యార్థి పేరును మీ సంకల్పంలో చేర్చండి. మీ తరం ఆ పని చేస్తుందనే విశ్వాసం నాకు ఉన్నది.

స్వస్తి.